రేవు తలరాత అడుగున ఉంటుంది

*హైదరాబాదు చూపు మళ్లీ బందరు మీద పడింది. అక్కడ లేస్తున్న కొత్త ఓడరేవు నిలబడేదీ లేనిదీ గట్టు మీద కనిపించే క్రేన్లు తేల్చవు. నీటి కింద కదిలే ఇసుక, ఆ చీకట్లో చేత్తో తడిమి పనిచేసే డైవర్లు తేలుస్తారు.*

ఫలక్‌నుమా గుట్ట మీది ప్యాలెస్‌లో ఇటలీ పాలరాయి ఉంది. నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఆ మహలు పూర్తి కావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. చివరికి అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పరమైంది. ఈ కథ పాతబస్తీలో ఎవరినడిగినా చెబుతారు. ఆ పాలరాయి ఏదో ఒక రేవులో ఓడ దిగాకే దక్కను ఎక్కిందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. దిగిన రేవు ఏదైనా నిజాముది మాత్రం కాదు. దేశంలోని సంస్థానాల్లోకెల్లా సంపన్నమైన రాజ్యానికి జానెడు సముద్రతీరం కూడా లేదు.

గోల్కొండ కాలంలో ఆ కరువు లేదు. కుతుబ్‌షాహీల రేవు మచిలీపట్నం, అంటే బందరే. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరాలు తెరిచారు. అద్దకపు బట్టలు పర్షియాకు, ఎర్రసముద్రపు రేవులకు వెళ్లేవి. మక్కా యాత్రికులు అక్కడే ఓడ ఎక్కేవారు. 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి గెలుచుకున్నాక, హైదరాబాదు పాలకుడు సలాబత్‌జంగ్ ఆ రేవును ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాడు. 1802 నాటి వాణిజ్య ఒప్పందంలో నిజాముకు బందరు రేవును స్వేచ్ఛగా వాడుకునే హక్కు, అక్కడ వర్తక కోఠీ పెట్టుకునే హక్కు రాసిచ్చారు.

హక్కయితే దక్కింది గానీ, రేవే చేజారుతూ వచ్చింది. తీరం వాలు తక్కువ. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు దానికి తోడు. పెద్ద ఓడలు మైళ్ల దూరంలోనే లంగరు వేస్తే, సరుకంతా చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాల్సి వచ్చేది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపాను ఉప్పెన బందరులో, చుట్టుపక్కల 30 వేల మందిని బలిగొంది. ఊరు మళ్లీ లేచింది కానీ రేవుకు పాత వైభవం రాలేదు. సముద్రం కోసం నిజాం వెతుకులాట ఎంతదాకా పోయిందంటే, 1947 ప్రాంతంలో గోవాలోని మర్మగోవా రేవు కోసం పోర్చుగీసువాళ్లతో బేరాలు సాగాయి. అవి ముడిపడలేదు.

ఇప్పుడు కథ మళ్లీ బందరు దగ్గరికే వచ్చింది. ఫలక్‌నుమాను ఆనుకున్న చాంద్రాయణగుట్ట నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే, తెలంగాణ ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ ఆ దిక్కునే. అక్కడి నుంచి అమరావతి మీదుగా బందరు దాకా కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి వేయాలని, హైదరాబాదు వైపున సరుకు కూడగట్టే డ్రైపోర్టు పెట్టి రేవుతో కలపాలని ప్రతిపాదన. అటు బందరు చేరువలోని తపసిపూడి దగ్గర రేవు పనులు సాగుతున్నాయి. 2008లో ఒకసారి, 2019లో మరోసారి, 2023 మే 22న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రూ.5 వేల కోట్ల పైచిలుకు ఖర్చుతో తొలి దశలో నాలుగు బెర్తులు, ఏటా మూడున్నర కోట్ల టన్నుల సామర్థ్యం లక్ష్యం.

శిలాఫలకాలకు లోటు లేని రేవు ఇది. రేవు తలరాతను మాత్రం ఫలకం రాయదు, ఇసుక రాస్తుంది.

నడిచే ఇసుక

మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది పొడుగునా ప్రయాణంలో ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరాన్ని దక్షిణం నుంచి ఏటవాలుగా తాకుతాయి. అల ఒడ్డెక్కేటప్పుడు ఇసుక రేణువును ఏటవాలుగా తోస్తుంది, వెనక్కి జారేటప్పుడు నేరుగా సముద్రంలోకి లాగుతుంది. అంటే ఒక్కో అలకు రేణువు కాస్తంత ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య గాలులు వచ్చినప్పుడు కొంత వెనక్కి మళ్లినా, ఏడాది చివర్లో లెక్క తీస్తే మిగిలేది ఉత్తరపు నడకే. ఇలా లక్షల ఘనపు మీటర్ల ఇసుక తీరం వెంట తరలిపోతుంది.

ఈ దారికి అడ్డంగా సముద్రంలోకి రాళ్లగోడ కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది. ఉత్తరం వైపుకు రావాల్సిన ఇసుక రాక, అక్కడి ఒడ్డు కోసుకుపోతుంది. దీనికి మద్రాసే పెద్ద సాక్షి. 1876లో అక్కడ రేవు గోడలు మొదలయ్యాక దక్షిణాన మెరీనా బీచి వెడల్పయింది, ఉత్తరాన రాయపురం ఒడ్డు తరిగిపోయింది. ఒకే గోడ ఒకరికి షికారు చోటిచ్చింది, మరొకరి ఇళ్లు తీసుకుపోయింది.

ఆ పాఠం చదువుకున్నవాళ్లు విశాఖ రేవు కట్టారు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడకెక్కించడానికి రేవు కావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో 1927లో పని మొదలైంది. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, మేహాద్రిగెడ్డ కలిసే బురద నేలను తవ్వి ఓడలు తిరిగేంత లోతు చేశారు. రేవు ముఖద్వారం దగ్గర ఇసుకతోనే అసలు చిక్కు. అక్కడ ఇంజనీర్లు చేసిన పని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకోదగ్గది. రెండు పాత ఓడలను తెచ్చి, ద్వారానికి దక్షిణాన కావాలనే ముంచి, వాటి కడుపుల్లో రాళ్లు నింపారు. ఆ అడ్డు చాటున నీరు నెమ్మదించి, దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడే దిగబడుతుంది. దాన్ని డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరపు ఒడ్డుకు చేర్చాలన్నది ఏర్పాటు. ఇసుకను ఆపలేమని ఒప్పుకుని, దాని ప్రయాణాన్ని తమ చేతుల మీదుగా సాగించారు.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. ఒకటిన్నర కిలోమీటర్ల దక్షిణపు గోడ, కిలోమీటరుకు పైగా తూర్పు గోడ సముద్రంలోకి చొచ్చుకెళ్లాయి. గోడ పెరిగిన కొద్దీ ఉత్తరాన ఆర్కే బీచికి ఇసుక చేర్చాల్సిన బాధ్యతా పెరిగింది. ఆ పంపకం తగ్గిన ఏడాది బీచ్ రోడ్డు గోడలకు దెబ్బ తగులుతుంది. విశాఖవాసికి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

గోడ కాలికింద

ఒడ్డున నిలబడి చూసేవారికి బ్రేక్‌వాటర్ అంటే నల్లరాళ్ల గుట్ట. నిజానికి అది పొరలు పొరలుగా లేచే కట్టడం. నడుమ క్వారీ నుంచి వచ్చిన కలగలుపు రాయి. దాని మీద ఒక లెక్క ప్రకారం తూకం వేసిన రాళ్ల పొర. పైన అలల దెబ్బ కాసుకునే టన్నుల బండలు, లేదంటే నాలుగు కాళ్ల కాంక్రీటు టెట్రాపాడ్లు. కింది పొర రాళ్లు పై పొర సందుల్లోంచి జారిపోకూడదు. పై పొర బండలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. వీటన్నిటినీ మోసేది గోడ అడుగు వరస. అది సముద్రపు నేల మీద ఉంటుంది. అల వెనక్కి లాగినప్పుడల్లా ఆ వరస కింద ఇసుక కొట్టుకుపోతుంటే, కొన్నాళ్లకు రాళ్లు కుంగి, పైనున్న కవచం మొత్తం జారుతుంది.

పోర్చుగల్‌లోని సీనెష్ రేవు గోడకు 42 టన్నుల కాంక్రీటు దిమ్మెలు పేర్చారు. ప్రపంచంలోనే పెద్ద గోడల్లో ఒకటని చెప్పుకున్నారు. పని పూర్తి కావస్తుండగా 1978 ఫిబ్రవరి తుపానులో ఆ దిమ్మెల్లో అధిక భాగం విరిగి చెల్లాచెదురయ్యాయి. బరువు ఒక్కటే రక్షణ కాదని ఇంజనీర్లు ఆ రోజు నేర్చుకున్నారు. దిమ్మె ఎలా కూర్చుంది, పక్కదాన్ని ఎలా పట్టుకుంది, పగులు ఎక్కడ మొదలైంది అన్నవి దగ్గరికెళ్లి చూడాలి.

బందరు లాంటి డెల్టా నేలలో ఇంకో చిక్కుంది. తవ్విన కొద్దీ మెత్తటి బంకమన్ను. బెర్తు బరువంతా ఆ మన్ను మీద నిలవదు కాబట్టి లోతుగా పైల్స్ దింపాలి. ముందు ఉక్కు గొట్టాన్ని నేలలోకి దించుతారు. లోపలి మట్టి తోడేసి, కడ్డీల కేజ్ దింపి, ట్రెమీ పైపుతో కాంక్రీటు పోస్తారు. ఇక్కడ ఒకే ఒక నియమం ఉంది. పైపు కొస ఎప్పుడూ పోసిన కాంక్రీటులో మునిగే ఉండాలి. అప్పుడు కొత్త కాంక్రీటు కింది నుంచి పాతదాన్ని పైకి నెడుతుంది, నీటిని తాకేది పై పొర ఒక్కటే. కంగారులో పైపును కాస్త ఎక్కువ ఎత్తితే నీరు చొరబడి, సిమెంటు కొట్టుకుపోయి, పైలు నడుములో మట్టి మిగులుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

చేతులే కళ్లు

ఇక్కడ అవసరమయ్యేవాడు డైవర్. అతని పని అందరూ అనుకునే ఈత కాదు, నీటి కింద మేస్త్రీ పని, వెల్డర్ పని, ఫిట్టర్ పని.

బార్జి మీద అతన్ని తయారు చేయడానికే ఇంకో మనిషి కావాలి. ఒళ్లంతా కప్పే సూటు. నడుముకు సీసం బెల్టు. వీపుకు అత్యవసర గాలి సిలిండర్. తలకు పదమూడు కిలోల పైచిలుకు హెల్మెట్. దాని నుంచి పైదాకా వచ్చే గొట్టాల కట్టను వాళ్లు అంబిలికల్ అంటారు. అందులో గాలి గొట్టం, టెలిఫోను తీగ, లోతు కొలిచే సన్న గొట్టం, బరువు మోసే తాడు కలిసి ఉంటాయి. పైన కంప్రెసర్ మోగుతుంటుంది. అంబిలికల్‌ను ఒకరు పట్టుకుని వదులుతూ, లాగుతూ ఉంటారు. పూర్తి సూటుతో మరో డైవర్ స్టాండ్‌బైగా కూర్చుంటాడు. సూపర్‌వైజర్ స్పీకరు ముందు నుంచి కదలడు. అంతర్జాతీయ మెరైన్ కంట్రాక్టర్ల సంఘం నియమం ప్రకారం ఇలాంటి జట్టులో కనీసం అయిదుగురుండాలి. నీటిలో పనిచేసేది ఒక్కడే. మిగతావాళ్లంతా అతను తిరిగి రావడానికి ఉన్నారు.

దిగాక కనిపించేది దాదాపు శూన్యం. డ్రెడ్జింగ్ జరిగే రేవులో బురద కలిసిన నీటిలో లైటు వేసినా వెలుగు తిరిగొచ్చి కంటికే కొడుతుంది. అందుకే తడుముకుంటూ పనిచేస్తాడు. సంభాషణ ఇలా సాగుతుంది.

“అన్నా, అడుగు వరస దొరికింది. రెండు రాళ్ల మధ్య సందుంది.”

“ఎంత సందు? పిడికిలా, తలకాయా?”

“తల పడుతుంది. కింద మెత్తగా ఉంది, చెయ్యి మోచేతిదాకా దిగింది.”

“అక్కడే ఉండు, గుర్తు కట్టు. క్రేన్ ఆపేశాం.”

ఆ మోచేతి లోతు గోడ కింద ఇసుక జారుతోందనడానికి గుర్తు. ఈ రోజుల్లో సోనార్‌తో అడుగు పటం గీస్తారు, కెమెరా మరలు పంపుతారు. పటంలో గుంట కనిపిస్తుంది. గుంట అడుగు గట్టినేలా, బురదా, కదిలే రాయా అన్నది తేల్చడానికి చాలాసార్లు మనిషి చెయ్యే కావాలి. పైలు చుట్టూ ఉక్కు గొట్టం అంచు చదునుగా ఉందా, కాంక్రీటులో తేనెపట్టు లాంటి గుల్లలు ఉన్నాయా, తుప్పు పట్టకుండా బిగించే జింకు, అల్యూమినియం దిమ్మెలు అంటుకుని ఉన్నాయా అన్నవీ అతనే చూడాలి. ఉక్కును తుప్పు ఎక్కువగా తినేసేది అల తాకి వదిలే జాగాలో, తడి పొడి మారే చోట. సముద్రపు గుల్లలు పేరుకున్న పైలును గీకి శుభ్రం చేశాక గానీ పగులు బయటపడదు.

ఈ పనిలో అందరూ భయపడేది సొరచేపకు కాదు, నీటి ఒత్తిడి తేడాకు. ఒక గేటుకు అటు నీరు ఎత్తులో, ఇటు పల్లంలో ఉంటే, సందులోంచి లాగే బలం మనిషిని గోడకు అతికించేస్తుంది. పైనున్నవాళ్లంతా కలిసి లాగినా విడిపించలేరు. ఓడ కింద దిగినప్పుడు పంపులు, ప్రొపెల్లర్ ఆపి, తాళం వేసి, పట్టీ కట్టి, తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో వేసుకునేది అందుకే.

నీటి కింద గడియారం

లోతుకు దిగితే ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఇరవై మీటర్ల దగ్గర డైవర్ పీల్చే గాలి ఉపరితలం మీది గాలికి మూడింతలు చిక్కగా ఉంటుంది. ఆ గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరిగిపోతుంది. గబుక్కున పైకి వస్తే అది బుడగలై కీళ్లలో, వెన్నుపాములో చిక్కుకుంటుంది. న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం ఒత్తిడి గాలి గదుల్లో పనిచేసినవాళ్లు ఇలాగే కుప్పకూలారు. ఆ వంతెన ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్‌ను 1872లో ఇదే జబ్బు మంచాన పడేసింది. బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్.హాల్డేన్ మేకల మీద పరీక్షలు చేసి, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి రావాలని 1908లో పట్టికలు ప్రకటించారు. నేటి పట్టికలకు మూలం అదే.

ఈ పట్టికల లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది. 18 మీటర్ల లోతులో గంటసేపు ఉంటే దారిలో ఆగకుండా పైకి రావచ్చు. 30 మీటర్లకు దిగితే అది 25 నిమిషాలకు పడిపోతుంది. అంతకు మించితే మధ్యలో ఆగి, నైట్రోజన్‌ను మెల్లగా వదిలించుకోవాలి, లేదంటే పైకొచ్చి ఒత్తిడి గదిలో గడపాలి. బెర్తు పనిలో తొందరపెట్టే కంట్రాక్టర్లు ఉంటారు గానీ ఈ పట్టిక ఎవరి తొందరనూ లెక్కచేయదు.

కచ్చులూరు నుంచి నిస్తార్ దాకా

తెలుగు నేల మీద నీటికింది పని మనకు తరచూ ప్రమాదం జరిగాకే కనబడుతుంది. రాయగిరి దగ్గర చెక్కిన ఏకశిలా బుద్ధుడు 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బార్జి ఒరిగి మునిగిపోయాడు, పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ రాతిని అడుగు నుంచి తీసి నిలబెట్టడానికి 1992 డిసెంబరు దాకా పట్టింది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవ కోసం కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, బావిలో జారిన చేద కోసం పాతాళగరిగె తిప్పినట్టు తాళ్లు, కొక్కేలతో గాలించింది. విశాఖ డైవర్లు ప్రవాహంలో దిగి పడవకు తాళ్లు బిగించాకే అక్టోబరు 22న అది బయటికొచ్చింది. గట్టు మీది అనుభవం, నీటి కింది నైపుణ్యం కలిస్తే తప్ప కదలని పని అది.

ఆ నైపుణ్యానికి మన దగ్గర వేళ్లున్న చోటు విశాఖే. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలో మునిగాక, దాని శిథిలాల మీద దిగింది ఆ ఏడాదే నౌకాదళంలో చేరిన నిస్తార్ అనే నౌక డైవర్లు. అదే పేరుతో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన కొత్త డైవింగ్ సపోర్ట్ నౌక 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. దాదాపు 10 వేల టన్నులు, 118 మీటర్ల పొడవు. మనుషులను 300 మీటర్ల దాకా దించే ఏర్పాటు దానిలో ఉంది. 1976లో మొదలైన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కేంద్రమూ ఆ ఊరిలోనే. ఇసుక తోడేవాళ్లు, లోతుకు దిగేవాళ్లు, ఓడలు కట్టేవాళ్లు ఒకే ఊరిలో ఉన్నారు. కొత్త రేవుల తీరానికి ఇది చిన్న అదృష్టం కాదు.

అడగాల్సిన రెండు లెక్కలు

బందరుతో పాటు రామాయపట్నంలో, మూలపేటలో రేవు పనులు సాగుతున్నాయి. ఇన్ని గోడలు ఒకే తీరంలోకి చొచ్చుకెళ్తే ఒక్కోదాని ఉత్తరాన ఒక్కో ఒడ్డు ఇసుక కోసం ఎదురుచూస్తుంది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇళ్లు కోల్పోయిన మత్స్యకారులను అడిగితే, ఒడ్డు కోసుకుపోవడమంటే ఏమిటో చెబుతారు. కాకినాడకు హోప్ ఐలాండ్ అనే ఇసుకతిన్నె అలలను ఆపి సాయపడింది. బందరుకు అలాంటి చుట్టం లేదు. అక్కడ అలకు గోడ, ఇసుకకు దారి రెండూ మనుషులే కట్టాలి. వాటి ఖర్చు రిబ్బన్ కత్తిరించిన రోజుతో తీరదు. రేవు ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

డ్రైపోర్టుకు, రహదారికి హైదరాబాదు డబ్బు పెడితే ఆ లెక్కల్లో వాటా అడిగే హక్కూ ఉంటుంది. బెర్తులెన్ని, క్రేన్లెన్ని అని చూసే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. దక్షిణాన మేటవేసిన ఇసుకలో ఏటా ఎంత ఉత్తరపు ఒడ్డుకు చేర్చారు? గోడ అడుగు వరసను, పైలు కాళ్లను చివరిసారి డైవర్లు ఎప్పుడు చూశారు, ఏం రాశారు? ఈ రెండు నివేదికలను ఏటా జనం ముందు పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. 1802లో నిజాముకు దక్కిన హక్కు కాగితంగానే మిగిలింది, ఎందుకంటే ఆ రేవు లోతును ఎవరూ కాపాడలేదు. ఈసారి హైదరాబాదు రాయించుకునే ఒప్పందంలో మొదటి షరతుగా ఈ రెండు లెక్కలూ ఉండాలి.